186 రూపాయల గోల్కొండ



నేను మీ పిల్లలకు ఏడో తరగతిలో సోషల్ చెప్తాను. ఈ నెల ఈ పేజీలో మా క్లాసులో జరుగుతున్న ఒక పని గురించి రాయమని ప్రిన్సిపాల్ మేడం అడిగారు. రాసే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఎందుకంటే ఆ పని ఈ తప్పు నుంచే మొదలైంది.

పోయిన సంవత్సరం మన స్కూల్ ఎగ్జిబిషన్‌లో కోటల మోడళ్లకు నేనే జడ్జిని. పదకొండు మోడళ్లు వచ్చాయి. ఒక పాప తెచ్చిన గోల్కొండ అందరినీ ఆకట్టుకుంది. గోడలకు అచ్చం రాయి రంగు, గుట్ట మీద పచ్చగడ్డి, లోపల చిన్న చిన్న బల్బులు. చూసిన వెంటనే దానికే మొదటి బహుమతి రాసేశాను. నెల తర్వాత పీటీఎంలో ఆ పాప వాళ్ల నాన్నగారు మామూలుగానే చెప్పారు: "మేడం, అది హైదరాబాద్‌ల ఆర్డర్ ఇచ్చి చేయించినం. 2,800 అయింది." ఆయన ఏమీ దాచలేదు. దాచాల్సిన పనీ లేదు. శుక్రవారం సాయంత్రం డైరీలో "సోమవారం ప్రాజెక్టు తేవాలి" అని రాసి పంపింది నేను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రెండు రోజుల్లో కోట ఎలా లేస్తుందో నేను ఆలోచించలేదు.

అసలు తప్పు అది కూడా కాదు. ఆ కోట పక్క బల్ల మీద ఇంకో గోల్కొండ ఉంది. బిస్కెట్ల అట్టపెట్టె కోసి చేసింది. బురుజులు ఒకటి పొడవు, ఒకటి పొట్టి. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఒక గోడ అడ్డంగా నిలబడి ఉంది. అతికించడం రాక అక్కడ పడిందేమో అనుకున్నాను. "ఈ గోడ ఇక్కడెందుకు ఉంది నాన్నా?" అని అడిగాను. ఆ బాబు నోరు తెరిచాడు. అదే సమయంలో వెనుక నుంచి ఎవరో పిలిచారు. నేను "బాగుంది, బాగుంది" అంటూ పక్క బల్లకు వెళ్లిపోయాను. జవాబు వినలేదు.

ఆ బాబు తర్వాత సంవత్సరమంతా ఏ ప్రాజెక్టుకూ తన చేతితో చేసింది తేలేదు. స్టేషనరీ షాపులో దొరికే చార్టు తెచ్చి ఇచ్చేవాడు. చార్టు బాగుండేది, మార్కులు కూడా వేసేదాన్ని. వాడు ఎందుకు మారాడో నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఈ సంవత్సరం మొదట్లోనే నేను ఒకటి అనుకున్నాను. ప్రాజెక్టు ఇంటికి పంపొద్దు. క్లాసులోనే, అందరం కలిసి, నా కళ్ల ముందే చేద్దాం. శనివారం చివరి రెండు పీరియడ్లు ఇమ్మని అడిగితే ప్రిన్సిపాల్ మేడం ఒప్పుకున్నారు. పిల్లలు దానికి "చరిత్ర బల్ల" అని పేరు పెట్టారు.

చరిత్ర బల్ల అంటే ఏమిటో చెప్తాను. ఇతర దేశాల్లో పెద్దవాళ్లు కూడా బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలు పెట్టుకుని పాత యుద్ధాలను మళ్లీ ఆడతారు. ఇది నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. 1812లో ప్రష్యా రాజు కోసం రైస్విట్జ్ అనే ఆయన ఒక బల్ల తయారు చేశాడు. గుట్టలు, వాగులు, ఊళ్లు ఉన్న ప్లాస్టర్ పలకలను ఎలా కావాలంటే అలా మార్చి పేర్చుకునే బల్ల అది. ఆయన కొడుకు 1824లో ఆ ఆటకు నియమాలు రాసి అచ్చు వేయించాడు. ప్రష్యా సైన్యం తన అధికారులకు ఆ ఆటతోనే శిక్షణ ఇచ్చింది. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ ఇలాంటి ఆట గురించే ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన కూడా ఒకప్పుడు స్కూల్ టీచరే. ఆయన యుద్ధభూమి కొన్నది కాదు. ఇంట్లో ఉన్న చెక్కముక్కలు ఇళ్లు అయ్యాయి, తోటలోని కొమ్మలు చెట్లు అయ్యాయి.

ఆ ఆటలో నాకు నచ్చింది యుద్ధం కాదు, నేల. సైనికులు ఎంతమంది ఉన్నా గుట్ట ఎక్కడుంది, నీళ్లు ఎక్కడున్నాయి, దారి ఎంత ఇరుకు అన్నదే ఆటను నడిపిస్తుంది. మన పాఠ్యపుస్తకంలో ఉండేది సంవత్సరం, రాజు పేరు, గెలుపు ఓటములు. నేల ఉండదు. ఆ నేలను పిల్లల చేత చేయిస్తే పాఠం మారుతుందేమో అనిపించింది.

మేము ఎంచుకున్నది 1687 నాటి గోల్కొండ ముట్టడి. మన పిల్లల్లో చాలామంది గోల్కొండ చూసినవాళ్లే. నియమాలు రెండే పెట్టాను. షాపులో తయారుగా దొరికేది ఏదీ తేవద్దు. అందరికీ కలిపి ఖర్చు 200 రూపాయలు దాటొద్దు.

మొదటి వారం లెక్కలతోనే సరిపోయింది. మా సైనికుడు 2 సెంటీమీటర్లు. నిజం మనిషి 160 సెంటీమీటర్లు అనుకుంటే అది 80వ వంతు. గోల్కొండ గుట్ట దాదాపు 120 మీటర్ల ఎత్తు. దాన్ని కూడా 80వ వంతు చేస్తే ఒకటిన్నర మీటరు వస్తుంది. "మేడం, మనకంటే గుట్టే ఎత్తుంటది!" అని నవ్వారు. గుట్టను 30 సెంటీమీటర్లకు దించితే అది 400వ వంతు. ఆ లెక్కన సైనికుడు 4 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే చీమంత. చివరకు మనుషులకు ఒక కొలత, నేలకు ఒక కొలత అని ఒప్పందం చేసుకున్నాం. ఈ ఆటలు ఆడే పెద్దవాళ్లు చేసేదీ అదే. నిష్పత్తులు ఎందుకు నేర్చుకోవాలని ఆ రోజు ఎవరూ అడగలేదు.

నేలకు పాత ఫ్లెక్సీ వాడాం. రెండు బెంచీలు కలిపి దాని మీద ఫ్లెక్సీని తిరగేసి పరిచాం. గుట్టకు ఫ్రిజ్, టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్. దాన్ని పలకలుగా కోసి, కింద పెద్దది, పైన చిన్నది చొప్పున పేర్చాం. జాగ్రఫీలో సమోన్నత రేఖలు అని పటం మీద గీతలు చూపిస్తామే, అవి ఏమిటో పిల్లలకు అప్పుడు అర్థమైంది. గీతలు దగ్గరగా ఉన్నచోట గుట్ట నిటారుగా ఉంటుందని చేత్తో తడిమి చెప్పారు. బ్లేడు పని మొత్తం నాదే. పిల్లల చేతికి కత్తెర తప్ప ఏమీ ఇవ్వలేదు.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. తొందరగా అవుతుందని మా ఇంట్లో మిగిలిన స్ప్రే పెయింట్ తెచ్చి థర్మాకోల్ మీద కొట్టాను. మా కళ్ల ముందే గుట్ట కరిగి గుంటలు పడింది. ఆ పెయింట్‌లోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. "మేడం కూడా ఖరాబ్ జేసింది" అని వెనుక బెంచీలో ఎవరో గుసగుసలాడారు. నిజమే. ఆ తర్వాత పిల్లలు తప్పు చేయడానికి భయపడటం తగ్గింది. అది కూడా లాభమే అనుకుంటున్నాను.

ఆ గుంటలు పూడ్చడానికి దారి మన జిల్లాలోనే దొరికింది. చేర్యాల నకాషీ బొమ్మల గురించి మీకు తెలుసు. అక్కడి కళాకారులు రంపపు పొట్టును, చింతగింజల జిగురును కలిపి ముఖాలు, బొమ్మలు తీరుస్తారు. ఎండాక సుద్దమట్టి పూసి రంగులు వేస్తారు. ఒక ఆదివారం చేర్యాల వెళ్లి కాసేపు కూర్చుని చూసి వచ్చాను. ఇంటికొచ్చి చింతగింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్లు పోసి ఉడికించాను. గంజిలా చిక్కబడుతుంది. ఒక బాబు వాళ్ల నాన్నగారికి ఫర్నిచర్ షాపు ఉంది. అక్కడి నుంచి సంచెడు రంపపు పొట్టు వచ్చింది. రెండూ చపాతీ పిండిలా కలిపి గుట్టకు పూశాం. ఎండాక అది రాయిలా బిగిసింది.

జిగురు విషయంలో ఒక మాట. రెండో రోజుకే పులిసి వాసన వస్తుంది. కాబట్టి ఏ రోజుకు కావలసింది ఆ రోజే చేసుకోవాలి. పూసింది ఎండలోనే ఆరబెట్టాలి. నీడలో పెడితే బూజు పడుతుంది. మాకు పట్టింది.

గోడలకు చెప్పుల డబ్బాల అట్ట. తడి జిగురు ఒకవైపే పూస్తే అట్ట విల్లులా వంగిపోతుంది. రెండు వైపులా పూస్తే నిలబడుతుంది. కోడిగుడ్ల అట్టలను చిన్న ముక్కలుగా చింపి అతికిస్తే రాళ్ల వరుసలయ్యాయి. బురుజులకు బట్టల షాపులో గుడ్డ చుట్టే అట్టగొట్టాలు. గోల్కొండ బయటి గోడకు 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్నాయి. మేము 14 బురుజులు, ఒకే దర్వాజాతో సరిపెట్టుకున్నాం. కందకంలో నీళ్లకు నీలిరంగు పూసి దాని మీద ఫెవికాల్ పలచగా నాలుగుసార్లు పోశాం. ఆరాక అది అద్దంలా మెరిసింది. మట్టికి వాడేసిన టీ పొడి కడిగి ఎండబెట్టి చల్లాం. చెట్లకు గిన్నెలు తోమే కొబ్బరి పీచు. నిచ్చెనలకు అగ్గిపుల్లలు. సైనికులను కాగితం మీద గీసి, కత్తిరించి, పాత చొక్కా గుండీల మీద నిలబెట్టాం. ఐదు గుండీలు ఒక దళం.

ఖర్చు లెక్క ఇది. ఫెవికాల్ 50 రూపాయలు, మూడు రంగు సీసాలు 75, రెండు బ్రష్షులు 30, సూదులు, దారం 16, పేపర్ టేపు 15. మొత్తం 186. మిగిలిన 14 రూపాయలు పెట్టి ఏమీ కొనలేదు. పిల్లలు ఆ చిల్లరను ఒక డబ్బాలో వేసి "గోల్కొండ ఖజానా" అని రాశారు.

చేతులు పని చేస్తున్నంతసేపూ నేను కథ చెప్పేదాన్ని. 1687 జనవరి చివర్లో ఔరంగజేబు స్వయంగా సైన్యంతో వచ్చి గోల్కొండ ముందు దిగాడు. లోపల చివరి కుతుబ్‌షాహీ సుల్తాన్ అబుల్ హసన్ తానాషా ఉన్నాడు. అప్పటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆ ముట్టడి గురించి వివరంగా రాశాడు. కందకం పూడ్చడానికి గుడ్డ సంచులు కుట్టి మట్టి నింపారట. మొదటి సంచిని ఔరంగజేబే తన చేత్తో కుట్టాడట. "బాద్షా కూడా కుట్టిండా!" అని పిల్లలకు ఎంత ఆశ్చర్యమో. ఆ వారం పాత చొక్కాల గుడ్డతో వేలిగోరంత సంచులు 40 కుట్టి ఇసుక నింపారు. సూది పట్టడం రాని మగపిల్లలకు ఆడపిల్లలు నేర్పారు. ఇద్దరు ఆడపిల్లలకు ఒక మగపిల్లవాడు నేర్పాడు. వాళ్ల అమ్మ టైలర్.

ఖాఫీ ఖాన్ చెప్పిన ఇంకో సంగతి ఉంది. ఒక రాత్రి మొఘల్ సైనికులు చప్పుడు లేకుండా నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతున్నారు. పైన ఒక వీధికుక్క వాళ్లను చూసి మొరిగింది. కాపలావాళ్లు లేచారు, నిచ్చెనలు తోసేశారు. తానాషా ఆ కుక్క మెడలో బంగారు గొలుసు వేయించాడట.

తర్వాతి శనివారం నేను వచ్చేసరికి గోడ మీద ఒక కుక్క నిలబడి ఉంది. సెంటీమీటరు కూడా లేదు. రంపపు పొట్టు ముద్దతో చేసింది. నాలుగు కాళ్లు, పైకెత్తిన మూతి. మెడలో పసుపు దారం ఒక్క పోగు. "ఎవరు చేశారు?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

ఆట మొదలైన రోజు ఇరవై మంది రెండు పక్షాలయ్యారు. పాచికలకు బదులు అష్టాచెమ్మా గవ్వలు. ఒక వంతు అంటే పదిహేను రోజులు. పదహారు వంతులు అయితే ఎనిమిది నెలలు, అంటే ముట్టడి పూర్తికాలం. ప్రతి దళం వంతుకు ఒక జొన్నగింజ తినాలి. గింజలు అయిపోతే దళం లేచిపోవాలి. వానాకాలం వంతుల్లో బయటివాళ్లకు రెండేసి గింజలు ఖర్చు. ఆ సంవత్సరం వానలకు వాగులు పొంగి మొఘల్ శిబిరానికి తిండి అందలేదు, కరువు, రోగాలు వచ్చాయి.

మూడో వంతులోనే మొఘల్ పక్షం ఏనుగులను నేరుగా గుమ్మం మీదికి తోలింది. బల్ల ఆ చివర నుంచి ఈ చివరకు అడ్డేమీ లేదు. గవ్వల్లో అష్ట పడింది. గుమ్మం విరిగింది. వారాల తరబడి చేసిన పని పది నిమిషాల్లో ముగిసేలా ఉంది. కోట పక్షం పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు.

అప్పుడు కోట పక్షం చివర కూర్చున్న బాబు లేచాడు. పోయిన సంవత్సరం బిస్కెట్ల అట్టతో కోట చేసిన బాబే.

"మేడం, గిట్ల కాదు. దర్వాజ ముంగట అడ్డం గోడ ఉంటది. ఏనుగు ఉరికొచ్చి గుద్దకుంట. మేం బోయినప్పుడు జూసిన. పక్క నుంచి తిరిగి పోవాలె." కొంచెం ఆగి, నన్ను చూడకుండా అన్నాడు: "నేను పోయినేడు పెట్టిన."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. మీరు గోల్కొండ వెళ్లినప్పుడు గమనించండి. బాలా హిస్సార్ దర్వాజా ఎదురుగా అడ్డుగోడ ఉంటుంది. గుమ్మం ముందు చోటు ఇరుకు చేస్తే ఏనుగుకు పరుగు తీసే వీలుండదు. పరుగు లేకపోతే దాని తల బలం సగమే. నేను బీఈడీ చేశాను, ఆ కోటకు నాలుగుసార్లు వెళ్లాను, చప్పట్లు కొట్టి పైన వినిపిస్తుందా అని ఫొటోలు దిగాను. ఆ గోడను దాటి నడిచాను కానీ చూడలేదు. పదకొండేళ్ల పిల్లవాడు చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు, అట్టతో కట్టి నాకు చూపించాడు. నేను దాన్ని వంకరగా పడిన ముక్క అనుకున్నాను.

క్లాసు ముందే వాడికి సారీ చెప్పాను. "పోయిన సంవత్సరం నిన్ను అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయాను. నువ్వు పెట్టింది కరెక్టు." వాడు తల దించుకుని గుండీ సైనికులను సర్దుకున్నాడు. పక్కవాడు వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. చెప్పుల డబ్బా అట్ట ఇంకో ముక్క కోశాను. గోడ ఎక్కడ పెట్టాలో వాడే చూపించాడు. ఆట మొదటి నుంచి మళ్లీ ఆడాం.

ఈసారి పదహారు వంతులు అయిపోయినా కోట పడలేదు. సంచులతో కందకం సగం పూడింది, వానలకు మొఘలుల గింజలు తరిగిపోయాయి. కోట కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టారు. కానీ అసలు చరిత్రలో లోపలివాళ్లు ముందే పసిగట్టి ఆ మందును తీసేసి నీళ్లు పోశారు. పేల్చినప్పుడు దెబ్బ మొఘలుల మీదే పడింది. మా పిల్లలు కూడా అదే చేశారు. కోట పక్షం గంతులు వేసింది. ఒక పాప మాత్రం పుస్తకం తెరిచి చూపించింది. "మేడం, 1687ల గోల్కొండ ఓడిపోయింది అని ఉంది గదా. మరి మనది ఎందుకు పడలే?"

నేను జవాబు చెప్పకుండా అదే ప్రశ్న బోర్డు మీద రాశాను. ఐదు నిమిషాలు గడిచాయి. చివరకు ఆ పాపే అంది: "లోపలోళ్లు ఎవరన్న తలుపు దీస్తే తప్ప పడది."

అదే జరిగింది. సెప్టెంబర్‌లో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సేనాని లంచానికి లొంగి తలుపు తెరిచాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే ఇంకో సేనాని మాత్రం ఒళ్లంతా గాయాలయ్యే వరకూ పోరాడాడు. ఆయన విశ్వాసం చూసి ఔరంగజేబే తన వైద్యులను పంపి బతికించాడు. తానాషాను దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు. ఇదంతా నేను ఏటా పాఠంగా చెప్పేదే. కానీ నేను చెప్పకముందే ఒక పిల్ల దాన్ని కనిపెట్టడం అదే మొదటిసారి.

తర్వాతి శనివారం కోట పక్షానికి పది చీటీలు పంచాను. తొమ్మిది ఖాళీవి. ఒకదాని మీద "నీకు ఇష్టమైనప్పుడు తలుపు తీయవచ్చు" అని ఉంది. ఆ రోజు ఆట వేరుగా నడిచింది. రెండో వంతుకే కోట పక్షం వాళ్లు బయటి శత్రువును చూడటం మానేసి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. గోడ మీద ఉండాల్సిన దళాలను గుమ్మం దగ్గర తమవాళ్లకే కాపలా పెట్టారు. పద్నాలుగో వంతులో చీటీ వచ్చిన పిల్ల తలుపు తీసింది. ఆట అయ్యాక ఆ పిల్ల కళ్లలో నీళ్లు. "ఆటనే గదా మేడం, అయినా మంచిగ అనిపిస్తలే." అందరం ఆ మాట గురించే బెల్ కొట్టే వరకూ మాట్లాడుకున్నాం.

పోయిన పీటీఎంలో మీలో ఒక అమ్మగారు అడిగారు, పిల్లలకు యుద్ధాన్ని ఆటలా చూపించడం మంచిదా అని. సరైన ప్రశ్నే. మేము ఆట చివర పడిపోయిన గుండీలు లెక్కపెట్టి, ఒక్కో గుండీ ఎంతమందికి సమానమో గుణించి బోర్డు మీద రాస్తాం. ఆ అంకె చూశాక క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. వెల్స్ కూడా తన పుస్తకం చివర చెప్పింది దాదాపు ఇదే. బొమ్మలతో ఆడి చూసినవాడికి నిజమైన యుద్ధం ఎంత తెలివితక్కువదో తెలుస్తుందని ఆయన నమ్మకం.

మార్కులు పెరిగాయా అని ఇంకొందరు అడిగారు. నిజం చెప్తాను. యూనిట్ టెస్టులో పెద్ద మార్పు లేదు. కానీ "గోల్కొండ పతనానికి కారణాలు" అన్న ప్రశ్నకు గైడులోని నాలుగు పాయింట్లు కాకుండా, ఎవరి మాటల్లో వాళ్లు రాశారు. ఒకరు వానల గురించి, ఒకరు తిండి గురించి, ఒకరు నమ్మకం గురించి. పేపర్లు దిద్దుతూ ముప్పై వేరు వేరు జవాబులు చదివాను. ఉద్యోగంలో చేరిన ఈ ఐదేళ్లలో అలా జరగడం ఇదే మొదలు.

మీతో నాకు మూడు విన్నపాలు.

ఒకటి, ఇకమీదట ప్రాజెక్టుకు కనీసం రెండు వారాలు సమయం ఇస్తాను. మీరు దాన్ని బయట చేయించకండి. కత్తి, బ్లేడు, పొయ్యి పని మాత్రం మీరు చేసిపెట్టండి. మిగతాది వంకరగా వచ్చినా పిల్లలనే చేయనివ్వండి.

రెండు, ఇంట్లో వాళ్లు ఏదైనా చేసి చూపిస్తే "బాగుంది" అని వదిలేయకండి. "ఇది ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని అడగండి. అడిగాక జవాబు అయ్యే వరకూ ఆగండి. ఫోన్ మోగినా ఆగండి. ఈ మాట మీకు చెప్పే అర్హత నాకు లేదు. అయినా నేర్చుకున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

మూడు, చిన్నదే. వచ్చే టర్మ్‌లో ఓరుగల్లు కోట చేద్దామని పిల్లలు తీర్మానించారు. 1323 ముట్టడి. అక్కడ బయట మట్టిగోడ, లోపల రాతిగోడ. మట్టిగోడ బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగితే మన అడ్డుగోడ బాబు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. దానికి జిగురు చాలా కావాలి. కాబట్టి పులుసు చేసినప్పుడు చింతగింజలు పారేయకండి. కడిగి, ఆరబెట్టి, ఒక కవర్‌లో పెట్టి పిల్లల బ్యాగులో పంపండి.

గోల్కొండ ఇప్పుడు మొదటి అంతస్తు కారిడార్‌లో, స్టాఫ్ రూమ్ ఎదురుగా ఉంది. వచ్చే పీటీఎంకు వచ్చినప్పుడు తప్పకుండా చూడండి. గోడ మీద కుక్క కూడా ఉంటుంది. ఎవరు చేశారో నేను ఇంకా అడగలేదు. కానీ ఆట అయ్యాక రోజూ దాన్ని జాగ్రత్తగా అగ్గిపెట్టెలో పెట్టి దాచేది ఎవరో నాకు తెలుసు.

ఇట్లు,
మీ పిల్లల సోషల్ టీచర్,
సిద్దిపేట బ్రాంచ్